దుంపలు చెక్కు తీసే సినిమా

పొడుగు సినిమా అంటే భయపడే జాతి కాదు మనది. 1963లో వచ్చిన ‘లవకుశ’ మూడున్నర గంటలకు దగ్గర. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూరకర్ణ’ నాలుగు గంటలకు కాస్త తక్కువ. చంటిపిల్లల్ని ఒళ్ళో వేసుకుని, జంతికలు మూటగట్టుకుని వెళ్ళి చూసొచ్చిన తల్లులున్న ఊరు మా విశాఖపట్నం. కనక 3 గంటల 21 నిమిషాల సినిమా ఒకటి చూడాలా, వద్దా అని నేను నెల్లాళ్ళు తటపటాయించానంటే కారణం దాని పొడుగు కాదు. అందులో ఏం జరుగుతుందో ముందే తెలిసిపోవడం!

అందులో ఒకావిడ బంగాళాదుంపలు చెక్కు తీస్తుంది. గిన్నెలు కడుగుతుంది. పక్క దులుపుతుంది. కొడుకు బూట్లు తుడుస్తుంది. కాఫీ కలుపుతుంది. అంతే.

సినిమా పేరు ‘జాన్ డీల్మాన్, 23 కే ద్యు కొమెర్స్, 1080 బ్రసెల్స్’. పేరే ఒక పోస్టల్ అడ్రసు చూశారా! మనిషి పేరు, ఇంటి నెంబరు, వీధి, పిన్‌కోడుతో సహా. ఫ్రెంచిలో ‘కే’ అంటే రేవుగట్టు. ఆ లెక్కన మా ఓడరేవు ఊరివాళ్ళకి మరీ పరాయి అడ్రసేం కాదు. 1975లో షాంటాల్ అకెర్మాన్ అనే బెల్జియం అమ్మాయి, పాతికేళ్ళు నిండీ నిండకుండా తీసింది. బ్రిటన్‌లో ‘సైట్ అండ్ సౌండ్’ అనే పత్రిక 1952 నుంచీ పదేళ్ళకోసారి ప్రపంచంలోకెల్లా గొప్ప సినిమా ఏదని విమర్శకుల్ని అడుగుతూ ఉంటుంది. 2022లో 1600 మందికి పైగా ఓట్లేస్తే ఈ దుంపల సినిమా మొదటి స్థానంలో నిలిచింది. ఆడమనిషి తీసిన సినిమాకి ఆ పీట దక్కడం అదే మొదలు.

ఈ సంగతులన్నీ చెప్పి మా మేనకోడలు ల్యాప్‌టాప్‌లో సినిమా పెట్టిచ్చింది. మా పక్కింటి పిన్నిగారితో అంటే ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేశారు. “ఏటమ్మా, ఆ దొరసాని దుంపలు చెక్కు తీస్తే మూడున్నర గంటలు కూకుని చూడాలేటి? మా ఇంటికి రా, నేనూ తీస్తాను. టిక్కెట్టు కూడా అక్కర్లేదు.”

నవ్వొచ్చినా, పిన్నిగారి మాట తీసిపారేయడానికి లేదు. గొప్ప అని ఓటేసిన పెద్దమనుషుల్లో ఎందరు రోజూ దుంపలు చెక్కు తీస్తారు? ఎన్నడూ వంటింట్లో నిలబడనివారికి అది వింత కావచ్చు. పొద్దున్నుంచీ అదే పనిలో నలిగే మనకి మళ్ళీ తెర మీద కూడా అదేనా? అలసిన మనిషి సినిమాకెళ్ళేది ఇల్లు మరిచిపోవడానికి కదండీ!

ఒకరోజు మావారు బి షిఫ్టుకి వెళ్ళాక, సెల్ ఫోను నోరు నొక్కి, ఆ ప్రశ్న మనసులో పెట్టుకునే కూర్చున్నాను.

కథ మూడు రోజులది. జాన్ డీల్మాన్ భర్త పోయిన మనిషి. చదువుకునే కొడుకున్నాడు. మధ్యాహ్నం వేళ రోజుకొక మగవాడు ఇంటికొస్తాడు. ఆ డబ్బుతో ఇల్లు గడుస్తుంది. కెమెరా కదలదు. నేపథ్య సంగీతం లేదు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళే ముందు లైటు ఆర్పడం ఆవిడ మరిచిపోదు. డబ్బుని భోజనాల బల్ల మీది పింగాణీ సూపు గిన్నెలో దాస్తుంది. అది చూడగానే నాకు మన పోపులడబ్బా గుర్తొచ్చింది. దేశాలు వేరైనా దాపరికాలు ఒకటే సుమా!

మొదటి రోజంతా అన్నీ అమరినట్టు జరుగుతాయి. రెండో రోజు దుంపలు ఎక్కువ ఉడికిపోతాయి.

ఇదీ సినిమాలో మొదటి ప్రమాదం. కత్తుల్లేవు, కారు ఛేజుల్లేవు. ఆవిడ గిన్నె చేత్తో పట్టుకుని, ఎక్కడ పారబోయాలో తోచక ఇల్లంతా తిరుగుతుంది. మళ్ళీ దుంపలు కొనుక్కొచ్చి, మళ్ళీ కూర్చుని చెక్కు తీస్తుంది. నాకు గుండె దడదడలాడింది. ఎందుకంటే ఆ దుంపలు చెడితే కొడుకు భోజనం ఆలస్యం, దాని వెనక పని ఆలస్యం, సాయంత్రమంతా తలకిందులని నాకు తెలుసు. మగ విమర్శకుడికి ఆ సంగతి పుస్తకంలో రాసి చెప్పాలి. మనకి చెప్పక్కర్లేదు. మూడో రోజు ఆవిడ ఒక గంట ముందు లేస్తుంది. పనులన్నీ అయిపోయి ఒక గంట మిగిలిపోతుంది. ఆ గంటను ఏం చేసుకోవాలో తెలియక కుర్చీలో కూర్చుంటుంది. కాఫీ కలిపి, రుచి చూసి, పారబోసి, మళ్ళీ కలుపుతుంది. ఖాళీ గంట అంత భయపెడుతుందని నేనెరగను.

నత్తనడక అనే మాట సంగతి కూడా చూద్దాం. ఆర్కే బీచిలో కూర్చుంటే దూరంగా లంగరేసిన ఓడలు కనిపిస్తాయి. చుట్టపుచూపుగా వచ్చినవారు “అవి కదలవేం?” అంటారు. రేవు పని తెలిసినవారికి ఆ కదలని ఓడలోనే బోలెడు సంగతులు. నీళ్ళలో ఎంత లోతుకి దిగిందో చూసి సరుకుతో ఉందా, ఖాళీగా ఉందా చెప్పేస్తారు. ఈ సినిమా కూడా అంతే. ఏం చూడాలో తెలిసినవారికి అది నత్తనడక కాదు. ఆ తెలిసినవారం మనమే.

మరి అంతసేపు ఎందుకు? మన సినిమాల్లో అమ్మ పాత్ర తాలింపు వేస్తే, మరు క్షణం విస్తట్లో కూర ప్రత్యక్షం. మధ్య ముప్పావు గంట కత్తెర పాలు. నిజం ఇళ్ళల్లో కూడా ఆ ముప్పావు గంట అలాగే మాయమవుతుంది. మా స్టీల్ ప్లాంటులో మూడు బ్లాస్ట్ ఫర్నేసులకీ పేర్లున్నాయి: గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. కొలిమి ఆరకూడదు గనక మూడు షిఫ్టుల్లో మనుషులు మారుతూ ఉంటారు. ఏ షిఫ్టుకి తెల్లారకముందే క్యారేజీ, బి షిఫ్టుకి పెందరాళే భోజనం, సి షిఫ్టు చేసొచ్చినవారికి పడుకునే ముందు టిఫిను. ప్లాంటులో షిఫ్టు మారితే మనిషి మారతాడు. క్వార్టర్లో మూడు షిఫ్టులకీ ఒకే మనిషి. ఫర్నేసు అన్నపూర్ణలో దిగిన ఇనుము టన్నుల్లో లెక్కకెక్కుతుంది. ఇంటి అన్నపూర్ణ దించిన గిన్నెలకి రిజిస్టరు లేదు. అకెర్మాన్ తీసింది ఆ రిజిస్టరే. పని ఎంతసేపైతే అంతసేపూ రాసుకుపోయింది.

ఇంటిపనిని తెరకెక్కించినవారు మన దగ్గర లేకపోలేదు. 1988లో బి. నరసింగరావు ‘దాసి’ తీశారు. గడీలో ఊడిగం చేసే కమలాక్షిగా అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. 2021లో జియో బేబీ తీసిన మలయాళం సినిమా ‘ది గ్రేట్ ఇండియన్ కిచెన్’ మనలో చాలామంది చూశారు. వాటిలో దోషి ఎవరో కనిపిస్తాడు, మనం తిట్టుకుంటాం, కొంత కసి తీరుతుంది. ఇక్కడ కొడుకు అరవడు, కొట్టడు. పెట్టింది తింటాడు, పుస్తకం చదువుకుంటాడు. తిట్టడానికి ఎవరూ దొరకరు. అందుకే సినిమా అయిపోయాక కూడా వదలదు.

అంతా మెచ్చుకోలే కాదు. జాన్ ఇంట్లో ఆ నిశ్శబ్దం నాకు కొరుకుడుపడలేదు. మన వంటింట్లో చెక్కు తీసే పది నిమిషాల్లో నాలుగు పిలుపులు, రెండు కాలింగ్ బెల్లులు, ఒక “నా తువ్వాలు ఏదీ?” ఉంటాయి. ఇక చివర్లో ఒక ఘోరం జరుగుతుంది. అదేమిటో చెప్పను. నా మట్టుకు అది లేకపోయినా సినిమాకి లోటు లేదు. ఉడికిపోయిన దుంపలు చాలు.

చూడమంటానా? చూడమనే అంటాను. కాని కుక్కర్ విజిల్స్ మధ్య, బట్టలు మడతపెడుతూ ముక్కలు ముక్కలుగా మాత్రం వద్దు. మన పుస్తకాలూ, నిద్రా, కబుర్లూ అన్నీ అలా ముక్కలయ్యే పోయాయి. దీనికైనా 3 గంటల 21 నిమిషాలు ఏకమొత్తంగా అడిగి తీసుకోండి. చూసే ఆదివారం ఆ పూట వంట ఎవరిదో ఇంట్లో ముందే అడగండి.

ఆ ప్రశ్నకి జవాబు రాకుండా అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారనుకోండి, మీరీ సినిమా తప్పకుండా చూడవలసినవారన్నమాట!