ఆల్చిప్ప నీటిని శుద్ధి చేయునా?

రెండు గాజు పాత్రలలో చెరువునుండి తెచ్చిన పచ్చనీరు పోసి, ఒకదానిలో ఆల్చిప్పను విడుతురు. కొన్ని గంటలకు ఆ పాత్రలోని నీరు తేటపడును. రెండవది పచ్చగానే ఉండును. జీవశాస్త్ర బోధనలో చాలకాలముగా వాడుకలోనున్న ప్రయోగమిది. దీనికి ఖర్చు లేదు. వెనుక బల్లపై కూర్చున్న విద్యార్థికి కూడ స్పష్టముగా కనిపించును. ప్రయోగములో తప్పు లేదు. దాని పక్కన నిలబెట్టు అట్టపై "ఆల్చిప్ప నీటిని శుద్ధి చేయును" అని వ్రాయుటలోనే తప్పున్నది. ఇంటిలో చిన్న ఉప్పునీటి తొట్టె పెట్టువారికి "రెండు గుల్లలు వేసిన చాలును, వడపోత యంత్రము అక్కరలేదు" అని చెప్పు సలహా కూడ ఈ భావమునుండి వచ్చునదే.

ఆల్చిప్ప ఒక గొట్టముగుండ నీటిని లోపలికి తీసికొని, వేరొక గొట్టముగుండ వెలుపలికి విడుచును. మధ్యనున్న మొప్పలపై సన్నని కేశములవంటి శైలికలు నిరంతరము కదలుచు, నీటిలోని సూక్ష్మమైన నాచుకణములను జిగురులో పట్టి నోటివైపు నెట్టును. పనికిరాని మట్టిరేణువులు జిగురుముద్దలై అడుగున పడును. కనుక పచ్చదనములో కొంత ఆల్చిప్ప కడుపులోనికి, మరికొంత పాత్ర అడుగునకు చేరినదే గాని మాయమైపోలేదు. పైగా తిన్న ఆహారములోని నత్రజని ముఖ్యముగా అమోనియా రూపమున మరల నీటిలోనికే వచ్చును. అమోనియాకు రంగు లేదు. తేటనీటిలో అది ఎంతయున్నను కంటికి కనిపించదు.

ఇక చిన్న తొట్టె సంగతి. నలుబది లీటర్ల తొట్టెలో రెండు గుల్లలున్నవనుకొందము. ఒక్కొక్కటి గంటకు ఒక లీటరు నీటిని వడపోసినను, 20 గంటలలో తొట్టెడు నీరు వాని మొప్పలగుండ సాగిపోవును. కాకినాడ అఖాతములో పోటు, పాటు రోజుకు రెండుసార్లు కొత్త నీటిని, కొత్త ఆహారమును తెచ్చిపెట్టును. తొట్టెకు పోటు లేదు. నీరు తేటపడినదని యజమాని సంతోషించు దినమే గుల్లకు ఉపవాసము మొదలగును. అది వెంటనే చావదు. శరీరములో దాచుకొన్న గ్లైకోజెనును కరగించుకొనుచు వారములతరబడి నిలుచును. ఆకలిగొన్న గుర్తేదియు వెలుపలికి తెలియదు. ఒకనాడు చిప్పలు తెరచుకొని మూతపడవు. ఇసుకలో కూరుకొని చచ్చినచో ఆపాటి గుర్తు కూడ దొరకదు. కుళ్ళిన మాంసమునుండి పుట్టు అమోనియా తొట్టెలోని చేపలను కూడ చంపగలదు. సముద్రపు నీరు క్షారగుణము కలది కనుక, అందు అమోనియా విషరూపములో నుండు భాగము మంచినీటిలోకంటె సాధారణముగా ఎక్కువ.

ఉప్పు విషయములోను పొరపాటు జరుగును. వంట ఉప్పు కలిపిన నీరు సముద్రపు నీరు కాదు. లీటరు సముద్రజలములో సుమారు 35 గ్రాముల లవణములుండగా, అందులో మెగ్నీషియము 1.3 గ్రాములు, కాల్షియము 0.4 గ్రాములు ఉండును. ఆ కాల్షియముతోనే గుల్ల తన చిప్పను కట్టుకొనును. కొల్లేటి చుట్టుపట్ల ఉప్పుబోరు నీటితో వెనామీ రొయ్యలను పెంచు రైతులకు ఈ పాఠము ఎవరును చెప్పనక్కరలేదు. నీరు ఉప్పగా నున్నను పొటాషియము, మెగ్నీషియము చాలవని గ్రహించి వారు ఖనిజలవణములను కొని చెరువులలో చల్లుచున్నారు.

విదేశముల అలంకార తొట్టెలలో గుల్లలు ఏండ్లతరబడి బ్రతుకుచున్నవి గదా యని ప్రశ్నింపవచ్చును. అవి చాలవరకు ట్రైడాక్నా జాతివి. 1928-29లో ఆస్ట్రేలియా పగడపు దిబ్బల పరిశోధనకు నాయకత్వము వహించిన సి. ఎం. యంగ్ వీనిని శ్రద్ధగా పరిశీలించెను. వాని కండలో ఏకకణ శైవలములు నివసించి, వెలుతురుతో ఆహారము తయారుచేసి పెట్టును. కనుక వానికి బలమైన దీపకాంతి కావలెను. భారతదేశములో అవి లక్షదీవులలోను, అండమాన్ నికోబార్ దీవులలోను ఉన్నవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము వానిని కాపాడుచున్నది. కాకినాడ గుల్లకు ఇట్టి ఇంటిపంట లేదు.

కాబట్టి ఏలూరులోను, తాడేపల్లిగూడెములోను ఉపాధ్యాయులు ఉప్పునీటి తొట్టె జోలికి పోనక్కరలేదు. కాలువలలో దొరకు మంచినీటి ఆల్చిప్ప, అనగా లామెల్లిడెన్స్, ఒక పూట ప్రయోగమునకు చాలును. అయితే రెండు పాత్రలు చాలవు. మూడవదానిలో ఖాళీ చిప్పను ఉంచవలెను. తానంతట తాను అడుగునకు దిగునది ఎంతయో అప్పుడు తెలియును. చివరకు మూడింటిలోను అమోనియాను కొలువవలెను. చేపల చెరువుల నీటిని పరీక్షించు ప్రయోగశాలలు ఈ ప్రాంతమునకు కొత్త కాదు. తేటనీటిలో అమోనియా పెరిగినట్లు చూచిన విద్యార్థి ఆ అట్టను తానే కొట్టివేయును. సాయంత్రము ఆల్చిప్పను తెచ్చిన కాలువలోనే విడిచిపెట్టవలెను.

ఒక అట్టముక్కకు ఇంత విమర్శ ఎందుకనిపించవచ్చును. ఆ విద్యార్థి రేపు కొల్లేటిని చూచి ఏమనుకొనును? 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన ఆ సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరులతోపాటు పట్టణముల మురుగు, పొలముల మందులు, చేపల చెరువుల నీరు చేరుచున్నవి. 2006లో అక్రమ చెరువుల గట్లు కొట్టివేయబడినను ఆ రాక ఆగలేదు. నీరు తేటగానున్నచో మంచిదేయని, గుల్లలు వేసిన సరస్సు బాగుపడునని అతడు నమ్మినచో ఆ నమ్మకము పాఠశాలలో నేర్చుకొన్నదే యగును. ఆల్చిప్ప పట్టిన సీసము, పాదరసము, పురుగుమందులు కరగిపోవు. దాని మాంసములో పేరుకొనును. అందుచేతనే 1975లో ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ అను శాస్త్రజ్ఞుడు సముద్రతీరముల కాలుష్యమును కనిపెట్టుటకు ఆల్చిప్పల మాంసమును పరీక్షింపవలెనని సూచించెను.