ప్రమాణనిర్దేశ పద్ధతి: విమర్శనము

శాస్త్రవ్యాసమునందుఁ బరవాక్యమును గ్రహించిన గ్రంథకర్తకు రెండు ధర్మములు గలవు. ఆ వాక్య మెవ్వరిదో చెప్పుట యొకటి. అది యెచ్చట నున్నదో చూపుట రెండవది. మొదటిదానిని కర్తృనిర్దేశ మనియు, రెండవదానిని స్థలనిర్దేశ మనియు వ్యవహరింపవచ్చును. కర్తృనిర్దేశమువలనఁ బూర్వులకు గౌరవము చెల్లును. స్థలనిర్దేశమువలనఁ బాఠకునకుఁ బరీక్ష సాధ్యమగును. నేఁటి విజ్ఞానశాస్త్రపత్రికలు వ్యాసకర్తలకు విధించు నాధారసూచికానియమములను బలువురు చుక్కలను, కామాలను గూర్చిన చాదస్తముగాఁ దలంచి యుపేక్షించుచున్నారు. పై భేదమును గమనింపకపోవుటయే యీ యుపేక్షకుఁ గారణము.

పాణిని యష్టాధ్యాయిలోఁ బూర్వవైయాకరణులను బదుగురను బేర్కొనెను: ఆపిశలి, కాశ్యపుఁడు, గార్గ్యుఁడు, గాలవుఁడు, చాక్రవర్మణుఁడు, భారద్వాజుఁడు, శాకటాయనుఁడు, శాకల్యుఁడు, సేనకుఁడు, స్ఫోటాయనుఁడు. వారి వ్యాకరణములు నేఁడు పూర్ణముగా లభింపవు. కావున సూత్రములోని పేరు మతభేదమును దెలుపునే కాని పరీక్షకుఁ దావీయదు. తెలుఁగునాఁటివాఁడైన కోలాచల మల్లినాథసూరి తన వ్యాఖ్యలలో నమరుని, విశ్వకోశమును, యాదవుని బేరుమాత్రముననే యుదాహరించును. ఆ కాలమున కది లోపము కాదు. అమరకోశము బాల్యముననే కంఠస్థమైన పాఠకునకుఁ బేరు చెప్పుటయే స్థలము చూపుట. కంఠస్థవిద్య సన్నగిల్లిన పిదప నా పేరు కర్తృనిర్దేశముగా మాత్రమే మిగిలెను. ఉదాహృతవాక్యము కోశమున నెచ్చట నున్నదో వెదకుట పరిష్కర్తల పాలఁ బడెను.

అష్టాధ్యాయి కేర్పడిన యంకత్రయపద్ధతి స్థలనిర్దేశమునకు మేలైన యుదాహరణము. 8-3-19 అనఁగా నెనిమిదవ యధ్యాయమున మూఁడవ పాదమునఁ బందొమ్మిదవ సూత్రము; శాకల్యుని పేరు గల సూత్రములలో నది యొకటి. పుస్తక మెచ్చట నచ్చుపడినను, పుటలు మాఱినను, ఆ సంఖ్య మాఱదు. భట్టోజిదీక్షితుఁడు సిద్ధాంతకౌముదిలో సూత్రములను బ్రక్రియానుసారముగా వేఱొక క్రమమునఁ గూర్చెను. అయినను ముద్రితప్రతులలో నష్టాధ్యాయీసంఖ్యను గూడ నిచ్చుటచేఁ బాఠకుఁడు మూలస్థానమును వెంటనే చేరఁగలుగుచున్నాఁడు. 2000వ సంవత్సరమునుండి విజ్ఞానవ్యాసముల కొసఁగఁబడుచున్న డీఓఐ యను స్థిరసంకేతము నిట్టి ప్రయోజనము కొఱకే పుట్టినది. వ్యాసమున్న జాలస్థలము మాఱినను సంకేతము మాఱదు. ప్రకాశకులు క్రొత్తస్థలమును నమోదు చేసినంతకాల మది దారి చూపును.

నేఁటి పత్రికలలోఁ బ్రధానపద్ధతులు రెండు. వాక్యమధ్యమునఁ గర్త పేరును, బ్రకటనవత్సరమును గుండలీకరించి, వ్యాసాంతమునఁ బేళ్ల యక్షరక్రమమునఁ బట్టిక నిచ్చునది కర్తృవత్సరపద్ధతి. హార్వర్డు విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రజ్ఞుఁడైన ఎడ్వర్డు మార్కు 1881లో నత్తజాతిజీవి యండవికాసమును గూర్చి ప్రకటించిన వ్యాసము దీనికి మొదటి యుదాహరణముగాఁ జెప్పఁబడుచున్నది. వాక్యమున సంఖ్యను మాత్రమే యుంచి, యాధారములను బ్రస్తావనక్రమమునఁ బట్టికలోఁ జేర్చునది సంఖ్యాపద్ధతి. 1978లోఁ గెనడాదేశపు వాంకూవరు నగరమున సమావేశమైన వైద్యపత్రికాసంపాదకులు కూర్చిన నియమములు 1979లో వెలువడెను. నాఁటినుండి యా నగరము పేరనే యీ పద్ధతి ప్రసిద్ధము.

అర్ధమాత్ర తగ్గినఁ బుత్రోత్సవముగా సంతసించు వైయాకరణునకు సంఖ్యాపద్ధతియే రుచించును. వాక్యధారకు భంగము లేదు. 4 మొదలు 13 వఱకుఁ గల పది యాధారములు రెండంకెలలో నిమిడిపోవును. అయినఁ బట్టికను జూడనిదే 14 అనఁగా నెవ్వరో తెలియదు. నడుమ నొక యాధారము చేరినచోఁ దరువాతి సంఖ్యలన్నియు మాఱవలెను. ఒకటి మఱచినచో నొకరి మాట వేఱొకరి కంటఁగట్టఁబడును. కర్తృవత్సరపద్ధతిలో నీ ప్రమాదము తక్కువ. మతముల పౌర్వాపర్యము గూడఁ జూచినంతనే తెలియును. కాని పేళ్లు కుప్పవడినచోట వాక్యాన్వయము చెదరును. కావున మతపరిణామము ప్రధానమైన వ్యాసమునకుఁ గర్తృవత్సరపద్ధతియు, ఆధారబాహుళ్యము గల వ్యాసమునకు సంఖ్యాపద్ధతియుఁ దగును. పత్రిక యేది విధించినను దానినే యాద్యంతము పాటింపవలెను. రెంటిని గలుపుట సాంకర్యదోషము.

“అర్థము తెలిసినఁ జాలదా? సంపుటసంఖ్య ముందో, పుటసంఖ్య ముందో యేల?” అని పూర్వపక్షము. సమాధానము సులభము. పట్టికలో వాక్యము లేదు, విభక్తి లేదు, స్థానమే విభక్తి. ఏ యంకె సంవత్సరమో, ఏది సంపుటమో, ఏది పుటయో క్రమమే చెప్పును. క్రమము చెడినఁ గారకము చెడినట్లే.

అయినను నియమములన్నియు నిర్దుష్టములు కావు. పాశ్చాత్యనామములలోఁ గుటుంబనామము చివర నుండుటచే, నా చివరిపేరే పట్టికలో ముందుంచి తక్కినవానిని బొడియక్షరములుగాఁ గుదించుట యాచార మయ్యెను. తెలుఁగువారి పేరులయందిది తాఱుమాఱగును. సంఖ్యాశాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు (1920–2023) 1945లోఁ గలకత్తా గణితసంఘపత్రికయందుఁ బ్రకటించిన వ్యాసము జగత్ప్రసిద్ధము. పట్టికలలో నాతఁడు “రావు సీ. ఆర్.” అని కనఁబడును. ఇంటిపేరు పొడియక్షర మయ్యెను. గౌరవార్థక మైన “రావు” ఇంటిపేరయ్యెను. రావులందఱు నొక్కచోటఁ జేరినపుడు పొడియక్షరములే వారిని వేఱుచేయవలెను. కావునఁ దెలుఁగు వ్యాసకర్త తన పేరు నొక్కరూపముననే యెల్లప్పుడు వ్రాయుటయు, సూచికాకర్త ముద్రితరూపమును మార్పక గ్రహించుటయు నవసరము.

రూపము సిద్ధించినంతమాత్రమున నర్థము సిద్ధింపదనుట కొక విచిత్రోదాహరణము గలదు. ఒక ప్రచురణసంస్థ యాధారము నెట్లు వ్రాయవలెనో చూపుటకై, 2000వ సంవత్సరమునఁ బ్రకటితమైనట్లుగా లేని వ్యాసమొకదానిని గల్పించి తన మాదిరిలో నుంచెను. కర్తల పేరులు, సంపుటము, పుటలు నన్నియు నియమానుసారముగా నున్నవి. వ్యాసము మాత్రము లేదు. ఆ లేని వ్యాసము నాధారముగాఁ జూపిన రచనలు దాదాపు 400 గలవని 2017లో ఆన్‌విల్ హార్జింగ్ ప్రకటించెను. మాదిరిపత్రములోని యుదాహరణమును దొలఁగింపక విడిచినవారే వారిలోఁ బెక్కురు. వంధ్యాపుత్రునకు జాతకము వ్రాసిన ట్లయ్యెను. ఇటీవల వాక్యరచన చేయు యంత్రములు సైత మిట్టి నిర్మూలాధారములను నియమానుసారముగాఁ గల్పించుచుండుటచే నీ యపాయ మధికమైనది.

మూలము లేనిది వ్రాయనని, యపేక్షితము గానిది చెప్పనని మల్లినాథుఁడు ప్రతిజ్ఞ చేసెను. ఆధారసూచికకు సారమైన సూత్రము లివి రెండే. వ్రాఁతప్రతిని బత్రికకుఁ బంపుటకుముందుఁ బట్టికలోని ప్రతియాధారమును మూలముతోఁ బోల్చి, పేరు, వత్సరము, పుట సరిచూడవలెను. వాక్యమున నుదాహరింపఁబడినది పట్టికలోను, బట్టికలోనిది వాక్యమునను గలదో లేదో పరికింపవలెను. మూలమును జూడక యితరులవలనఁ దెలిసికొన్నచో నా మధ్యవర్తినే పేర్కొనవలెను. చూడనిదానిని జూచినట్లు వ్రాయుట యసత్యము. చుక్కలు, కామాలు తరువాత దిద్దవచ్చును. స్థలము తప్పినచోఁ బాఠకుఁడు మూలమును జేరలేఁడు. మూలము చేరనిచోఁ బ్రమాణము పేరుమాత్రమే.