రెండు కాలాలకూ నిలిచే పెట్టె

జియోక్యాషింగ్‌లో ‘క్యాష్’ అంటే డబ్బు కాదు, దాచిపెట్టిన పెట్టె. ఎవరో ఒకరు ఓ డబ్బాను కొండల్లో దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు అందరికీ చెబుతారు. జీపీఎస్ పట్టుకుని వెళ్ళి వెతికి, లోపలి పుస్తకంలో పేరు రాసి, పెట్టెను మళ్ళీ అక్కడే ఉంచి రావాలి. చెప్పడానికి ఇంతే. కానీ అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, స్నోక్వాల్మీ నది దక్షిణ పాయ లోయలో, ఎండాకాలం ఒకసారీ మంచుకాలం ఒకసారీ నడిచినవాళ్ళకు తెలుస్తుంది, దాచడంలో ఎంత పనితనం ఉందో.

ఇంగ్లండులోని డార్ట్‌మూర్‌లో 1854లోనే జేమ్స్ పెరట్ అనే గైడు ఓ సీసా పెట్టాడనీ, వచ్చినవాళ్ళు అందులో తమ పేరు చీటీలు వేసేవాళ్ళనీ చెప్పుకుంటారు. ఇప్పటి ఆట మాత్రం 2000 మే నెలలో పుట్టింది. జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలిపే తప్పును అమెరికా ప్రభుత్వం ఆపేసిన మర్నాడే, ఆరెగాన్‌లో డేవ్ ఉల్మర్ ఓ ప్లాస్టిక్ బకెట్టు దాచాడు. కొద్ది రోజుల్లోనే మైక్ టీగ్ దాన్ని పట్టేశాడు. ఆ బకెట్టు సగం నేలలో పాతినదే. ఇప్పుడు స్థలం యజమాని అనుమతి లేకుండా తవ్వి పూడ్చడం నిషేధం.

ఇరుకు లోయలో ఆకాశం సన్నని పట్టీలా కనిపిస్తుంది. ఉపగ్రహ సంకేతం నేరుగా రాక రాతిగోడకు తగిలి ఆలస్యంగా చేరుతుంది. పరికరం ఆ ఆలస్యాన్ని దూరంగా లెక్కవేసి, మనిషిని ఏటి అవతలి ఒడ్డుకు పంపుతుంది. అందుకే నేర్పున్నవాడు ఒక్క రీడింగుతో సరిపెట్టుకోడు. వేర్వేరు రోజుల్లో వచ్చి రీడింగులు తీసి సగటు కడతాడు. వరదకు నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో కొమ్మలకు చిక్కుకున్న చెత్త చూసి తెలుసుకుంటాడు, పెట్టె దానికి పైనే పెడతాడు. మంచు సంగతి వేరు. ఆగస్టులో చేతికందే ఎత్తున ఉన్న కొమ్మ జనవరిలో అడుగున కూరుకుపోతుంది. గాలివాటు చూసుకుని, మంచు పేరుకోని రాతి చూరు వెతికి దాచినవాడికి దండం పెట్టాలి!

ఈ కొండలకు తగినది సైన్యం వాడిన పాత ఇనుప తూటాల పెట్టె. పక్కనున్న గొళ్ళెం లాగితే మూత లేస్తుంది. అంచు చుట్టూ నల్లటి రబ్బరు పట్టీ ఉంటుంది. దాని మీద ఒక్క దేవదారు ఆకు, సూదంత ఆకు, పడి ఉన్నా చాలు. ఆ సందులోంచి నీరు దిగి, రాత్రికి గడ్డకట్టి, మూతను బిగించేస్తుంది. అనుభవం ఉన్నవాళ్ళు మూసేముందు ఆ పట్టీని చుట్టూ వేలితో తుడుస్తారు. లోపల పెన్ను కాదు, పెన్సిలు పెడతారు. చలికి సిరా కదలదు. కాగితానికి కొరత లేదు. వానలో రాయగలిగే ‘రైట్ ఇన్ ది రెయిన్’ కాగితం ఇదే రాష్ట్రంలోని టకోమాది, 1916 నుంచీ ఉంది.

మంచుకాలంలో వెతకడమూ ఒక విద్యే. అడుగుల జాడ నేరుగా పెట్టె దగ్గర ఆగితే తరవాతివాడికి వెతకడానికేం మిగులుతుంది? అందుకే మంచి ఆటగాడు పెట్టె దాటి ముందుకు నడిచి, అటూ ఇటూ నాలుగు దొంగ జాడలు వేసి వెళతాడు.

ఈ లోయకు మకుటం ‘టన్నెల్ ఆఫ్ లైట్’. 2001లో ‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ సినిమా ప్రచారానికి దాచిన పెట్టెల్లో ఇదొకటి. పాత రైలుమార్గం సొరంగంలో లైటు వేసుకుని మూడున్నర కిలోమీటర్లకు పైగా నడిచి వెళ్ళేవాళ్ళు ఎందరో. నవంబరు వచ్చిందంటే సొరంగం మూసేస్తారు. 2011లో ఈ పెట్టె మాయమైంది. కొన్నేళ్ళకు మళ్ళీ ఆటలోకి వచ్చింది. సముద్రం అడుగున వేడినీటి బుగ్గల దగ్గరా, 2008లో అంతరిక్ష కేంద్రంలోనూ క్యాష్ పెట్టిన రిచర్డ్ గారియట్ సాహసం గొప్పదే, కాదనలేం. అయినా ఏటా మంచునీ వాననీ తట్టుకునే ఈ అడవి పెట్టెకే పెద్దపీట.

ఇంత విద్యను ఇప్పుడు పాడుచేస్తున్నది లెక్కల పిచ్చి. రెండు క్యాష్‌ల మధ్య కనీసం 161 మీటర్లుండాలన్నది నియమం. రద్దీ వద్దని పెట్టిన ఆ హద్దునే కొలబద్ద చేసుకుని, రోడ్డు పొడవునా 161 మీటర్లకొక ఫిల్ము డబ్బా పడేసి, దాన్ని ‘పవర్ ట్రైల్’ అంటున్నారు. కారు దిగు, ముద్ర కొట్టు, కారెక్కు! చూసిన చోటేది, ఆడిన ఆటేది? అంతకన్నా ఘోరం, పెట్టె దొరకలేదని ఒప్పుకునే నిజాయితీ లేక జేబులోని డబ్బా అక్కడ వదిలి ‘దొరికింది’ అని రాసుకోవడం. ఓపిగ్గా చోటు వెతికి దాచినవాడి కష్టం మీద బురద జల్లడమే ఇది.

వాషింగ్టన్ రాష్ట్రంలోని రెడ్‌మండ్, బెల్‌వ్యూలలో తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. స్నోక్వాల్మీ కనుమకు అక్కణ్ణుంచి కారులో గంట దూరం. పిల్లల్ని ముందు జులైలో తీసుకెళ్ళండి. మంచుకాలంలోనైతే హిమపాతం హెచ్చరికలు చూసుకునే బయల్దేరండి. పెట్టె దొరికాక తేదీ వేసి ఊరుకోకండి. ఆ రోజు ఏరు ఎలా పారుతోందో, మంచు ఎంత లోతుందో తెలుగులోనే మూడు వాక్యాలు రాయండి. పుస్తకం తడిసి ఉంటే దాచినవాళ్ళకు కబురు పెట్టండి. రబ్బరు పట్టీ తుడిచి, గొళ్ళెం బిగించి, పెట్టె మీద నాచు ఎలా కప్పి ఉందో అలాగే కప్పి రండి.