దుత్త మీద కోపం

చలం 'బిడ్డల శిక్షణ' మళ్లీ చదివాను. పిల్లల్ని కొట్టొద్దు, భయపెట్టొద్దు, వాళ్లు మన ఆస్తి కాదన్న ఆయన వాదన ఇప్పటి కౌన్సెలింగ్ శీర్షికల్లో మెత్తబడి కనిపిస్తుంది: ఓపిగ్గా వినండి, మార్కులు పోల్చకండి. వినాల్సింది ఎవరు? అమ్మే. (నాన్నకి చెప్పిన వాక్యం వెతుక్కోవాలి.) అత్త మీద కోపం దుత్త మీద చూపిందంటూ సామెత కోడల్నే వేలెత్తి చూపుతుంది. చాలా ఇళ్లలో ఆ దుత్త పిల్లవాడి వీపు. భర్త అరుపులు, ఇంటర్ ఫలితాల రోజు బంధువుల ఫోన్లు, అన్నీ దిగేది అక్కడే. మింగేసిన కోపాన్నీ పిల్లలు పసిగడతారు. 'నాకు కోపంగా ఉంది, నీ మీద కాదు' అని బిడ్డకి చెప్పాలంటే, ఎవరి మీదో ఆమె ముందు ఇంట్లో అనగలగాలి. అందుకే ఈ పుస్తకాన్ని ఆయనే రాసిన 'స్త్రీ'తో కలిపి చదవాలంటాను. విడిగా చదివితే తల్లికి మరో పని పురమాయించినట్టే ఉంటుంది.