పనంతా ఎడమ చేతిదే

విశాఖ ఫిషింగ్ హార్బర్ పక్కన పుట్టి పెరిగిన పిల్లలకు చప్పుడంటే లెక్కలేదు. తెల్లవారకముందే బోట్ల ఇంజన్లు, ఐసు దిమ్మలు నలగ్గొట్టే మిషన్లు, వేలంపాట కేకలు, ఒడ్డుకెక్కించిన బోటుకు తుప్పు రాల్చే సుత్తి దెబ్బలు. వీటన్నిటి మధ్యా హాయిగా నిద్రపోతారు. అలాంటి పిల్లాడే అరచేతిలో ఇమిడిపోయే ట్రిమ్మరు జుయ్‌మనగానే వీధి చివరికి వినపడేలా గుక్కపెడతాడు. "రేపు ఏటకెళ్లాల్సినోడివి, కటింగ్‌కి ఏడుత్తావేట్రా" అని తండ్రి నవ్వుతాడు. నవ్వుతూనే రెండు చేతులూ గట్టిగా పట్టుకుంటాడు. ఏడుపు రెట్టింపవుతుంది.

హార్బర్ నుంచి పాతపోస్టాఫీసు వైపు వచ్చే దారిలో రెండు కుర్చీల సెలూన్ నడిపే నాయీబ్రాహ్మణుడు ఒకాయన మాత్రం నవ్వరు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఏడ్చే పిల్లల్ని ఆ చుట్టుపక్కల పేటల వాళ్లు వెతుక్కుంటూ ఆయన దగ్గరికే తీసుకొస్తారు. పిల్లలు ఎందుకు ఏడుస్తారని అడిగితే ఆయన చెప్పింది ఇది: "బోటు సప్పుడు బయట నుంచొస్తది బాబూ. దీని సప్పుడు బుర్రలోనుంచొస్తది."

ఈ మాట అక్షరాలా నిజం. ట్రిమ్మరు చెవి వెనక ఎముకకు తగిలితే ఆ కంపనం గాలితో పని లేకుండా పుర్రె గుండానే లోపలి చెవికి చేరుతుంది. మన చెవికి చిన్నగా వినిపించే మోత పిల్లాడికి తలంతా నిండిపోతుంది. పైగా అది ఎక్కడుందో వాడికి కనపడదు. కొత్త మనిషెవరో వెనక నిలబడి తల పట్టుకుంటాడు, మెడ చుట్టూ గుడ్డ బిగుస్తుంది, తన చేతులు తనకే కనపడకుండా దాని కింద మాయమవుతాయి. 'కోస్తారు' అన్న మాట కూరగాయల దగ్గర, చేపల దగ్గర విన్నదే. అదే మాట తన తల గురించి అంటున్నారు. జుట్టు కోస్తే నొప్పి ఉండదని మూడేళ్లవాడికి ఎలా తెలుస్తుంది? ఇన్ని కలిసొచ్చినప్పుడు ఏడవని పిల్లాడిని చూసి ఆశ్చర్యపోవాలి కానీ ఏడ్చేవాణ్ని చూసి కాదు.

ఆయన పని చూడాలంటే కుడి చేతిని వదిలేసి ఎడమ చేతిని చూడాలి. కుడి చేతిలో కత్తెర అందరిదీ ఒకలాగే ఆడుతుంది: ఒక రేకు కదలదు, బొటనవేలు తొడిగిన రేకు ఒక్కటే తెరుచుకుని మూసుకుంటుంది. ఎడమ చేతిలో దువ్వెన ఉంటుంది. ఆ చేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు మాత్రం దువ్వెన పట్టుకోవు. మొదటి నుంచి చివరి దాకా అవి పిల్లాడి తల మీద ఆనే ఉంటాయి. అదిమి పట్టవు, ఊరికే ఆని ఉంటాయి. పిల్లాడు తల విదిలిస్తే చెయ్యి కూడా అటే పోతుంది, చేతితో దువ్వెన, దువ్వెనతో కత్తెర. జెట్టీకి కట్టిన బోటు కెరటంతో లేచి కెరటంతో దిగినట్టు. తలకూ కత్తెరకూ మధ్య ఎడం మారదు కాబట్టి తెగదు, గుచ్చుకోదు. "తల కదపకు" అన్న మాట ఆయన నోట నాకు వినపడలేదు. కదిలే తలకు కటింగ్ చేయడం నేర్చుకున్నవాడికి ఆ మాట అవసరం లేదు మరి.

చెవి దగ్గర పని ఇంకా సున్నితం. ఎడమ చూపుడు వేలితో చెవిని ముందుకు మడుస్తారు. ఆ వేలు అక్కణ్నుంచి కదలదు. కత్తెర మొన ఆ వేలి మీదుగానే నడుస్తుంది. పొరపాటు జరిగితే ముందు తెగేది ఆయన వేలే. ఆ వేలి మీద పాత గాట్లు ఉన్నాయి. ఏ పిల్లాడి వల్ల ఏది పడిందో గుర్తులేదంటారు.

కత్తెర పట్టకముందు జరిగేది కూడా పనే. పిల్లాడు వచ్చిన వెంటనే కుర్చీ ఎక్కించరు. ముందు తండ్రి కూర్చుంటాడు. వేట నుంచి వారం పది రోజులకు దిగిన మనిషికి ఎలాగూ కటింగ్, గడ్డం ఉండనే ఉంటాయి. పిల్లాడు బెంచీ మీద నుంచి చూస్తుంటాడు. మధ్యలో స్విచ్ వేయని ట్రిమ్మరు వాడి చేతికిస్తారు. తర్వాత దాన్ని ఆన్ చేసి తన మోచేతికి ఆనించుకుంటారు, తర్వాత తండ్రి మోచేతికి, ఆ తర్వాత వాడే చెయ్యి చాపితే వాడి మోచేతికి. చాపకపోతే ఆ రోజుకి ట్రిమ్మరు లేదు, కత్తెరే. తొందరపెట్టే తల్లులకు ఆయన జవాబు ఒక్కటే: "ఒగ్గీండమ్మా, ఆడే వత్తాడు."

పుస్తకాల్లో దీనికి వంశవృక్షం ఉంది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కుందేలంటే హడలిపోయే పీటర్ అనే మూడేళ్లు నిండని పిల్లాడి కథ ప్రచురించింది. వాడు ఇష్టమైనది తింటున్నప్పుడు కుందేల్ని గదిలో దూరంగా ఉంచి, రోజురోజుకీ కాస్త కాస్త దగ్గరికి జరిపింది. చివరికి వాడే దాన్ని నిమిరాడు. 1959లో అడెల్‌స్టన్ అనే దంతవైద్యుడు ఇదే దారిలో పిల్లల కుర్చీ దగ్గర పాటించాల్సిన మూడు మెట్లు రాశాడు: చెప్పు, చూపించు, అప్పుడు చెయ్యి. ప్రపంచమంతా పిల్లల పళ్ల డాక్టర్లు ఇప్పటికీ అదే పాటిస్తున్నారు. మన సెలూన్ ఆయనకు వీళ్లిద్దరి పేర్లూ తెలియవు. ఆయన చూసింది పిల్లల్నే.

కుర్చీ చేతుల మీద అడ్డంగా పలక వేసి పిల్లల్ని కూర్చోబెట్టడం మనందరికీ ఎరుకే. భయపడేవాడికి ఆయన ఆ పలక వేయరు. కాళ్లు గాలిలో వేలాడితే భయం పెరుగుతుందట. తండ్రి ఒడిలో కూర్చోబెడతారు. మెడకు నైలాన్ గుడ్డ కట్టరు. ఇంటి నుంచి తెచ్చిన తువ్వాలు భుజాల మీద వేసి, చేతులు బయటికి ఉంచుతారు. పౌడరు అందరూ చివర్లో కొడతారు, ఈయన మొదట్లోనే కొడతారు. విశాఖ ఉక్కలో మెడ ఎప్పుడూ తడే. తడి మెడ మీద పడిన వెంట్రుక ముక్క అంటుకుని గుచ్చుతుంది, పొడి మెడ మీద పడింది జారిపోతుంది. కత్తెర పెట్టేది వెనక నుంచి. ముఖం మీద వెంట్రుకలు రాలే ముందు భాగం ఆఖరికి. మధ్యలో పిల్లాడు చెయ్యెత్తితే ఆగాలని ఒప్పందం. మొదటి రెండు మూడు సార్లూ వాడు ఊరికే ఎత్తి చూస్తాడు, నిజంగా ఆగుతారా లేదా అని. ఆయన ఆగుతారు. ఆ తర్వాత ఎత్తడం తగ్గిపోతుంది.

ఫోన్ ఇవ్వడం ఆయనకు నచ్చదు. నాకైతే మొదట ఇది చాదస్తం అనిపించింది. బొమ్మల వీడియో పెడితే ఏ గొడవా ఉండదు కదా! కానీ చూస్తే సంగతి తెలుస్తుంది. ఫోన్‌లో మునిగిన పిల్లాడికి చెవి దగ్గర చల్లటి ఇనుము హఠాత్తుగా తగులుతుంది. ఉలిక్కిపడి విదిలించే తల, చూస్తూ చూస్తూ కదిలే తల ఒకటి కాదు. పైగా ఫోన్ ఉంటేనే కూర్చునేవాడు కటింగ్‌కి అలవాటు పడినట్టు కాదు. నలుగురు పట్టుకుని కానిచ్చేయడం గురించి అయితే చెప్పనే అక్కర్లేదు. ఆ నెలకు పని అయిపోతుంది, వచ్చే నెల భయం రెండింతలై వస్తుంది.

ఏటా ఆయనకు ఇలాంటి పిల్లలు ఎక్కువ వచ్చేది దసరా ముందు. కారణం హార్బర్ క్యాలెండరులోనే ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మర బోట్లకు వేట నిషేధం. మగవాళ్లు ఇంటి పట్టున ఉండేది అప్పుడే. సింహాచలం అప్పన్నకో, తిరుమల కొండకో మొక్కున్న వాళ్లు పుట్టెంట్రుకలు అప్పుడే తీయిస్తారు. మేనమామ మొదటి కత్తెర వేశాక పని సాగుతుంది. అక్కడ గుండు కొట్టేవాళ్లు ఎంత నేర్పరులైనా, వెనక వరస కట్టిన జనం ఉంటే పిల్లాడి కోసం ఆగే వీలు ఉండదు, అది వాళ్ల తప్పు కాదు. వెంట్రుక నెలకు సుమారు సెంటీమీటరుంపావు పెరుగుతుంది. మేలో గుండు అయితే సెప్టెంబరు చివరికి చెవుల మీదికి దిగుతుంది. ఆ గుండు నాటి భయంతోనే సెలూన్‌లో తొలి కటింగ్ అప్పుడే.

ఆయన చేతిలోనూ కుదరని రోజులున్నాయి. సగం కటింగ్‌తో దిగిపోయే పిల్లాణ్ని ఆయన ఆపరు, సగానికి డబ్బూ తీసుకోరు. రెండు మూడు రోజుల తర్వాత రమ్మంటారు. వెనక పొట్టిగా, ముందు పొడుగ్గా ఉన్న మనవణ్ని చూసి ముసలమ్మలు తిట్టుకుంటారు. తిట్టుకోనీ అంటారాయన.

ఆటిజం ఉన్న పిల్లలకు వేరే లెక్క. వాళ్లలో చాలామందికి చప్పుడు, వెలుతురు, స్పర్శ మనకంటే గట్టిగా తగులుతాయి. అలాంటి పిల్లల్ని మంగళవారం తీసుకురమ్మంటారు. మంగళవారం సెలూన్లకు సెలవు. ఆ రోజు షట్టరు సగం ఎత్తి, టీవీ, ఫ్యాను ఆపి, రెండో కుర్చీని అద్దం వైపు వీపు ఉండేలా తిప్పుతారు. కొందరు మొదటి వారం గుమ్మం దాటరు, బయటే ఐసు బండి ఎక్కి కూర్చుంటారు. ఆయన దువ్వెన ఒక్కటే జేబులో పెట్టుకుని వెళ్లి ఆ బండి చివర్న కూర్చుంటారు.