మూగబోయిన వీణ ట్రాకు

పండగ దగ్గర పడితే భక్తి పాటల ఆల్బమ్‌లు చేయించేవాళ్ల నుంచి ఈ ఫోను తప్పదు. "అన్నా, అప్పుడు మనం చేసిన పాట సెషన్ ఉంది కదా. వీణ కాస్త తగ్గించి, చరణం మధ్యలో కోరస్ తీసేసి పంపు. అయిదు నిమిషాల పని." అడిగినవాళ్లను తప్పుపట్టడానికేం లేదు. హార్డ్ డిస్క్ నా అలమరాలోనే ఉంది, సెషన్ తెరుచుకుంటుంది కూడా. గొంతు ఉంది, తబలా ఉంది. వీణ ట్రాకులో మాత్రం ఏ స్వరం ఎప్పుడు మోగాలో చెప్పే మిడి నోట్లు పరిగెడుతుంటాయి గానీ చప్పుడు రాదు. ఆ వీణను పలికించిన ప్లగిన్‌ని, అంటే సంగీత సాఫ్ట్‌వేర్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాముని, కొత్త సాఫ్ట్‌వేర్ లోపలికి రానివ్వలేదు.

సెషన్ ఫైలు కిరాణా చీటీ లాంటిది. సరుకు అందులో ఉండదు, ఏ కొట్లో ఏం తేవాలో రాసి ఉంటుంది. గొంతు, తబలా మైకు ముందు రికార్డు చేసినవి కాబట్టి వేవ్ ఫైళ్లుగా పక్కనే ఉంటాయి. ప్లగిన్ వాయిద్యం విషయానికొస్తే సెషన్‌లో ఉండేది దాని గుర్తింపు కోడు, నోట్లు, నాబ్‌లు ఎక్కడ తిప్పి పెట్టామో చెప్పే కొంత డేటా. ఆ డేటాను చదవడం ఆ ప్లగిన్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదు. అది లోడ్ కాకపోతే నోట్లు చూసుకుంటూ కూర్చోవాల్సిందే.

ఈ ప్లగిన్ల లోకాన్ని తెరిచింది జర్మనీలోని హాంబర్గ్ కంపెనీ స్టైన్‌బర్గ్. 1996లో తన క్యూబేస్ సాఫ్ట్‌వేర్‌తో వీఎస్‌టీ అనే పద్ధతి తెచ్చింది. 1999లో దాని రెండో రూపం వచ్చాక రివర్బ్, డిలే లాంటి ఎఫెక్టులతో పాటు వాయిద్యాలు కూడా ప్లగిన్లయ్యాయి. బయటివాళ్లెవరైనా రాసుకోవడానికి వీలివ్వడంతో పగలు ఉద్యోగం చేసుకుని రాత్రిళ్లు ప్లగిన్ రాసేవాళ్లు పుట్టుకొచ్చారు. ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా సింత్ఎడిట్ అనే పనిముట్టుతో బొమ్మలు అతికించినట్టు వాయిద్యాలు తయారుచేసి ఉచితంగా పంచారు. చేతిలో డబ్బులేని నాలాంటివాళ్లు పని నేర్చుకున్నది వాటి మీదే. అయితే సింత్ఎడిట్ చాలా ఏళ్లపాటు విండోస్ 32 బిట్ ప్లగిన్లు మాత్రమే ఇచ్చింది. ఇప్పుడు మొరాయిస్తున్నవాటిలో అవి బోలెడు.

32 బిట్లను ఎందుకు తోసేశారని కోపం వస్తుంది గానీ, ఆ మార్పు వేధించడానికి తెచ్చింది కాదు. 32 బిట్ల ప్రోగ్రాము అందుకోగల మెమరీ గరిష్ఠంగా 4 జీబీ. వయొలిన్లు, చెల్లోలు, కొమ్ములు అన్నీ శాంపిల్ చేసిన ఆర్కెస్ట్రా లైబ్రరీ ఒక్కటి పెడితే అది చాలదు. ఒక్కొక్కరే కొత్త ఇంటికి మారారు. 2013లో లాజిక్ ప్రో ఎక్స్, ప్రో టూల్స్ 11 అనే సంగీత సాఫ్ట్‌వేర్లు 32 బిట్ ప్లగిన్లను వద్దన్నాయి. 2016 చివర్లో క్యూబేస్ 9 అదే బాట పట్టింది. 2019లో మ్యాక్ ఓఎస్ కాటలీనా 32 బిట్ ప్రోగ్రాములనే మొత్తంగా ఆపేసింది.

64 బిట్ల ప్రోగ్రాము తన లోపలికి 32 బిట్ల ప్లగిన్ ఫైలును (డీఎల్ఎల్) లోడ్ చేసుకోలేదు. మెమరీ చిరునామాల పొడవే వేరు. అందుకని బ్రిడ్జ్ అనే ఉపాయం పుట్టింది. పాత ప్లగిన్‌ని లోపలికి తేకుండా పక్కనే వేరే 32 బిట్ల ప్రాసెస్‌లో నడిపించి, శబ్దాన్ని రెంటికీ అందుబాటులో ఉండే మెమరీ ద్వారా ఇటూ అటూ పంపడం. విండోస్‌లో జేబ్రిడ్జ్ ఈ పనే చేస్తుంది. రీపర్, ఎఫ్ఎల్ స్టూడియో లాంటి సంగీత సాఫ్ట్‌వేర్లలో బ్రిడ్జ్ లోపలే ఉంది. లినక్స్ వాడేవాళ్లకు యాబ్రిడ్జ్ ఉంది, విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్‌లో నడిపే వైన్ సాయంతో విండోస్ ప్లగిన్లను పలికిస్తుంది. ప్రాసెసర్ మీద కాస్త భారం పడుతుంది, ప్లగిన్ కిటికీ ఒక్కోసారి వెనక్కి పోయి దాక్కుంటుంది. లాభం ఒకటుంది: ముసలి ప్లగిన్ కుప్పకూలితే తన ప్రాసెస్‌నే పట్టుకుపోతుంది, సెషన్ మిగులుతుంది.

బ్రిడ్జ్ పెట్టినా పలకనివాటి దగ్గర నేను ముందు చూసేది బిట్లను కాదు. మొదటిది, పాత ప్లగిన్ రాసినప్పటి విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్ కొత్త కంప్యూటర్‌లో చాలాసార్లు ఉండదు. అది కూడా 32 బిట్లదే వేయాలి. ఆ ఒక్కటి లేక స్కాన్‌లో చడీచప్పుడు లేకుండా పడిపోయే ప్లగిన్లు ఎన్నో. రెండోది ఫోల్డరు. విస్టా నుంచి విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల మామూలు ప్రోగ్రాముల్ని రాయనివ్వదు. పాత ప్లగిన్లేమో తమ ప్రీసెట్లు తమ పక్కనే దాచుకుంటాయి. సీ డ్రైవ్‌లో విడిగా ఒక ఫోల్డరు పెట్టి అందులో వేస్తే చాలావరకు గొడవ తీరిపోతుంది. 4కే తెర మీద కిటికీ తపాలా బిళ్లంత కనబడటానికి మాత్రం చాలాసార్లు కళ్లద్దాలే మందు.

ఇవన్నీ ఇంజనీరింగ్ చిక్కులు, ఓపికుంటే తీరేవే. నన్ను బాధపెట్టేది కాగితాల చిక్కు. 2008లో వీఎస్‌టీ 3 వచ్చింది. 2018 అక్టోబరు తర్వాత వీఎస్‌టీ 2కి కొత్తగా లైసెన్సు ఒప్పందాలు ఇవ్వడం ఆపేశారు. 2022 జనవరిలో, తమ సాఫ్ట్‌వేర్లలో కూడా ఆ రెండో రూపానికి మద్దతు తీసేస్తామని స్టైన్‌బర్గ్ చెప్పింది. పెద్ద కంపెనీలు తిరగరాసుకున్నాయి. రాత్రిళ్లు రాసినవాళ్లకు పెళ్లిళ్లయ్యాయి, ఉద్యోగాలు మారాయి, సోర్స్ కోడ్ ఏ పాత కంప్యూటర్‌తోనో పోయింది. వాళ్లు తిరగరాయరు. కంపెనీల ప్లగిన్లు కూడా భద్రమనుకోవడానికి లేదు. కేమెల్ ఆడియో 2015లో మూతపడింది, యాపిల్ చేతికి వెళ్లిన దాని ఆల్కెమీ అనే వాయిద్యం అదే ఏడాది లాజిక్ లోపల తేలింది. విండోస్‌లో దాన్ని వాడుకున్నవాళ్లకు కొత్త రూపమే లేదు. మన చిన్న స్టూడియోల్లో తిరిగిన క్రాక్ కాపీల సంగతి నేను తీయను. ఇన్‌స్టాలర్ ఎక్కడిదో తెలియనప్పుడు ఏ ఉపాయమూ ఆదుకోదు.

పాత రివర్బ్ లేకపోతే పాట పాడైపోయినట్టు మాట్లాడేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఆ రంగు వేరు అంటారు. కొన్నింటి విషయంలో నిజమే, గరుకుదనంలోనే అందం ఉన్న డిలేలు నాకూ తెలుసు. ఎక్కువసార్లు మాత్రం మనం వెతుక్కునేది చేతి అలవాటుని. ఏ నాబ్ ఎంత తిప్పితే ఏమవుతుందో చూడకుండా తెలిసిన సుఖాన్ని. అందుకే కొత్త పాటలో బ్రిడ్జ్ ప్లగిన్ వాడను. పాత పాటను విప్పడానికే బ్రిడ్జ్ వేస్తాను.

విప్పిన రోజే చేయాల్సిన పని ఒకటుంది. ప్రతి ప్లగిన్ వాయిద్యాన్నీ విడిగా, పాట మొదటి క్షణం నుంచి, 24 బిట్ వేవ్ ఫైలుగా మార్చుకోవాలి, అంటే బౌన్స్ చేసుకోవాలి. రివర్బ్‌తో ఒకటి, లేకుండా ఒకటి. సెషన్ 44.1 కిలోహెర్ట్జ్‌లో ఉంటే అందులోనే తీయాలి; పాత ప్లగిన్లు కొన్ని 96 కిలోహెర్ట్జ్‌లో పెడితే వేరే స్వరంతో మాట్లాడతాయి. ఫైలు పేరులోనే టెంపో, శ్రుతి రాసిపెట్టాలి. మిడి ఫైలు కూడా పక్కన ఉంచాలి, రేపు నిజం వీణ వాయించేవాళ్లు దొరికితే చూపించడానికి. తీసిన వెంటనే బ్రిడ్జ్‌కి సెలవు.

మ్యాక్ వాళ్లు దీన్ని వాయిదా వేయకూడదు. 2020 చివర్లో యాపిల్ సొంత చిప్పులు వచ్చినప్పటి నుంచి ఇంటెల్ కాలపు ప్లగిన్లను రొజెట్టా 2 అనే అనువాద సాఫ్ట్‌వేర్ మోస్తోంది. అది మ్యాక్ ఓఎస్ 27 వరకే పూర్తిగా ఉంటుందని యాపిల్ 2025లో చెప్పేసింది. ఇంటెల్ ప్లగిన్ల మీద నిలబడ్డ సెషన్లు ఎవరి దగ్గరైనా ఉంటే, సిస్టమ్ అప్‌డేట్ బొత్తాం నొక్కకముందే బౌన్స్ చేసుకోండి.