చిన్నరసాలు ఎన్ని తినొచ్చు?

నూజివీడు పక్కన కాపురముండి కిడ్నీ జబ్బు తెచ్చుకున్న మనిషికి ‘మామిడి మానెయ్’ అని చెప్పడం ఎవరికైనా తేలికే. మే నెలలో ఇంటినిండా చిన్నరసాలు, బంగినపల్లి, జాడీలో కొత్తావకాయ. పండులో పొటాషియం, పచ్చడిలో ఉప్పు. ఎంతవరకు ఫర్వాలేదన్నది మనిషిని బట్టి ఉంటుంది: మొన్నటి పరీక్షలో పొటాషియం ఎంత, డయాలసిస్ మొదలైందా, మూత్రం ఏమాత్రం వస్తోంది. కిటకిటలాడే ఓపీలో డాక్టరుకు ఇవన్నీ అడిగే తీరికేదీ? బొటనవేలితో చీలమండ నొక్కి, పడిన గుంట ఎంతసేపటికి పూడుతుందో చూస్తూ కబుర్లలో అడిగేది సిస్టరే. ప్రాథమిక వైద్యంలో 18 ట్రయల్స్‌ను కలిపి చూసిన 2018 నాటి కాక్రేన్ సమీక్ష, డాక్టరు బదులు నర్సు చూసినచోట రోగుల తృప్తి కాస్త ఎక్కువేనంది. దాన్ని మంచి మాటలకు పడిపోవడం అనుకోను. ఆ తృప్తిలో సగం వైద్యమే.

తృప్తితో కిడ్నీ బాగుపడుతుందా అంటారు. న్యాయమైన ప్రశ్నే. పైగా మనవాళ్లు ఎవరడిగినా ‘బాగానే చూశారండి’ అనేస్తారు. కెనడాలో 474 మందిపై నర్సుల ఆధ్వర్యంలో సుమారు రెండేళ్లు చేసిన ట్రయల్‌లో కిడ్నీ పనితీరు తగ్గే వేగంలో తేడా రాలేదు. నెదర్లాండ్స్‌లో మాస్టర్‌ప్లాన్ అనే 788 మంది ట్రయల్‌లోనూ గుండెజబ్బులు తగ్గలేదు. కానీ వాళ్లను అయిదేళ్లు దాటేదాకా గమనిస్తే మరణం, డయాలసిస్, క్రియాటినిన్ 50 శాతం పెరగడం, మూడూ కలిపి 20 శాతం తగ్గాయని 2014లో తేలింది. మెల్లగా తినేసే జబ్బు ఇది, కాపలా కూడా ఏళ్లతరబడి ఉండాలని నాకనిపిస్తుంది.

నర్సు నెఫ్రాలజిస్టు కాదు, నిజమే. డయాలసిస్‌కు ఫిస్టులా వేయడం, కిడ్నీ మార్పిడి తేల్చడం ఆమె పని కాదు. కిడ్నీ జబ్బు పీడిస్తున్న ఉద్దానం కోసం పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైంది, అవసరమే. అయితే ఇటు ఎ.కొండూరు తండాల్లోనైనా అటు కవిటిలోనైనా జబ్బు పడకదాకా రాకముందే పట్టుకోవాలి. చిక్కంతో కాయలు దించి మెడ పట్టేసిన కూలీ కొట్లో కొని మింగే, కిడ్నీని దెబ్బతీసే నొప్పుల బిళ్ల సంగతి పడక అడగదు. ఊరి నర్సు, అదే ఏఎన్ఎం, అడుగుతుంది, చేతిలోని రికార్డుల పని కాస్త తగ్గిస్తే. అందుకే రోగులను అడిగే సర్వే కాగితంలో ‘తృప్తిగా ఉందా’ కొట్టేసి ఈ రెండూ రాయండి: సిస్టరు చెప్పాక ఏ బిళ్ల మానేశారు? ఈ వేసవిలో చిన్నరసాలు ఎన్ని తినొచ్చన్నారు?